తుపాకి కొనవలెనా?



గడచిన వేసవిలో ఒకనాటి రాత్రి అమెరికానుండి మా అన్నగారి కుమారుడు నాతో టెలిఫోనులో మాటలాడెను. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు సమీపమున అతడు కాపురముండబట్టి పదునాలుగు సంవత్సరములైనది. ఇంజనీరు పని. భార్యయు, ఎనిమిదేండ్ల కొడుకును కలరు. క్షేమసమాచారములైన పిమ్మట కొంచెము తడబడి, "బాబాయీ! ఒక మాట అడుగుదును, నవ్వవద్దు. ఇంటిలో ఒక తుపాకి కొని యుంచుకొందునా అని యోచించుచున్నాను. మీరేమందురు?" అనెను.

నేను నవ్వలేదు. 2023 మే 6వ తేదీని, అతని యింటికి కొలది దూరముననే యున్న ఆలెన్ పట్టణపు అంగళ్ల సముదాయములో ఒక దుండగుడు ఎనమండుగురిని కాల్చి చంపెను. అందులో మన తెలుగు యువతి యొకతె, ఆమెయు ఇంజనీరే. మఱొక పనిమీద ఆ చోటనే యుండిన ఒక పోలీసు ఉద్యోగి పరుగెత్తి పోయి హంతకుని కాల్చి చంపకపోయినచో ఇంకెందఱు పడిపోయెడివారో! మావాడు భార్యాబిడ్డలతో పండుగబట్టలు కొనుటకు ఆ యంగళ్లకే పోవుట వాడుక.

ఇంకొక సంగతియు కలదు. ఉద్యోగపు వీసామీద నున్న పరదేశీయులు, వేట అనుమతిపత్రము వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అచట తుపాకి యుంచుకొనరాదని కేంద్రశాసనము. శాశ్వతనివాసపు హక్కు లభించినవారికి ఆ నిషేధము లేదు. మావానికి ఆ హక్కు క్రిందటి సంవత్సరమే లభించినది. టెక్సాసులోనైతే 2021 సెప్టెంబరు 1 నుండి, ఇరువదియొక్క యేండ్లు నిండి శాసనపు అడ్డంకులు లేనివారెవరైనను అనుమతిపత్రము లేకయే చేతితుపాకిని వెంటబెట్టుకొని తిరుగవచ్చును. కావున అది యూరక పుట్టిన యూహ కాదు.

అతడు పనిచేయు చోట రెండు పక్షములున్నవట. మంచివారందఱు తుపాకులు ధరించినచో ఇట్టి హంతకుడు లేచిన తోడనే వానిని కూల్చివేయవచ్చునని యొక పక్షము. కొనువాని పూర్వచరిత్రను పరిశీలించి, తగనివానికి తుపాకి అమ్మకున్న ఈ యనర్థమే పుట్టదని మఱొక పక్షము. "ఇందులో ఏది నిజము?" అని అతని ప్రశ్న. ఆ రాత్రి నేను చెప్పినది తొందరపాటు సమాధానము. పిమ్మట కొన్ని నెలలు ఈ విషయమై దొరకినంతవఱకు చదివితిని. నేటి ప్రసంగము ఆ చదువుయొక్క ఫలితమనుకొనుడు.

ముందుగా ఒక మాట. అమెరికనుల తుపాకి వ్యామోహమును చూచి నవ్వుట మనకు వాడుక. అంత నవ్వదగినది కాదు. 1878 నాటి ఆయుధశాసనముతో తెల్లదొరలు మనలను నిరాయుధులను జేసిరని మన పెద్దలు ఎంత కుమిలిరో జ్ఞాపకము చేసికొనుడు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగష్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడినది తుపాకుల కొఱకే. 1931లో కాంగ్రెసువారి కరాచీ తీర్మానమునందు, నిబంధనలకు లోబడి ఆయుధములు ధరించు హక్కును పౌరుల ప్రాథమిక హక్కులలో చేర్చిరి. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో కామత్‌గారు ఆ హక్కును రాజ్యాంగములో వ్రాయవలెనని కోరగా, అంబేద్కరుగారు అంగీకరింపలేదు. మనము ఆ దారి తొక్కలేదు. వారు 1791లోనే తొక్కిరి. ఆ సంవత్సరమున చేరిన వారి రెండవ సవరణము వ్యక్తికే ఆయుధపు హక్కు నిచ్చుచున్నదని 2008లో వారి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. కనుక తుపాకి యుండవలెనా వలదా అనునది అచట నేటి ప్రశ్న కాదు. ఎవరి చేత నుండవలెను, ఎవరి చేత నుండరాదు అనునదే.

ఇక అసలు విషయము. దీనికి నేను 1966 ఆగష్టు 1వ తేదీనుండి ప్రారంభింతును. ఆనాడు టెక్సాసు విశ్వవిద్యాలయములో చదువుచున్న ఇరువదియైదేండ్ల యువకుడు, పూర్వము నౌకాసైన్యమున పనిచేసినవాడు, ఒక పెట్టెనిండ తుపాకులు గొని ఆస్టిన్ నగరములోని విశ్వవిద్యాలయపు గోపురము ఇరువదియెనిమిదవ అంతస్తునకు చేరెను. అచటినుండి క్రింద నడచుచున్నవారిని ఒక్కొక్కరినే గుఱిచూచి కాల్చసాగెను. రమారమి గంటన్నర సాగినది ఈ ఘోరము. పోలీసులవద్ద అంత దూరము కొట్టగల తుపాకులు చాలినన్ని లేకుండెను. అప్పుడు ఊరిలోని జనులు ఇండ్లనుండియు, మోటారుబండ్లనుండియు లేళ్లవేటకు వాడు తుపాకులు తెచ్చి, చెట్లచాటునను గోడలచాటునను నిలిచి గోపురముమీదికి కాల్చిరి. వాడు పిట్టగోడపై తల యెత్తలేక, వాననీరు పోవు తూములలోనుండి కాల్చవలసినవాడయ్యెను. ఆ సందున పోలీసులు పైకెక్కిరి. వారితో విశ్వవిద్యాలయపు పుస్తకశాలలో పనిచేయు పౌరుడొకడును తుపాకి బట్టి యెక్కెను. వాడు హతుడయ్యెను.

కాబట్టి సాయుధపౌరులు ఎన్నడును అక్కఱకు రారని చెప్పువారు ఈ చరిత్ర నెఱుగనివారే. అక్కఱకు వచ్చిరి. అయితే పడిపోయినవారిలో పెక్కుమంది తొలి యిరువది నిమిషములలోనే పడిపోయిరి. జనులు ఇంటికి పోయి తుపాకి తెచ్చుకొనునప్పటికే జరుగవలసిన దంతయు దాదాపు జరిగిపోయినది.

ఇది యొక్క యుదాహరణము. లెక్కలేమి చెప్పుచున్నవి? ఎఫ్.బి.ఐ. అను వారి కేంద్ర నేరపరిశోధకశాఖ 2000 మొదలు 2013 వఱకు జరిగిన 160 ఇట్టి కాల్పులను పరిశీలించెను. ఎంతసేపు జరిగినదో తేల్చగలిగిన 63 ఘటనలలో 44 ఐదు నిమిషములలోపున, అందు 23 రెండు నిమిషములలోపున ముగిసినవి. మొత్తము 160లో పోలీసులు కాని సాయుధులు ఎదురు కాల్చగా ముగిసినవి 5. ఆ యైదింటిలో నాలుగు చోట్ల ఎదురు నిలిచినవారు జీతమునకో, నియామకముచేతనో కావలి కాయుచున్న సాయుధరక్షకులు. అనుమతిపత్రముగల సామాన్యపౌరుడు ఒక్కచోటనే. మఱి చేత ఏ ఆయుధమును లేనివారు హంతకునిమీద బడి పట్టుకొనగా ముగిసినవి 21! ఈ చివరి సంఖ్యను నేను రెండు మూడు మాఱులు చూచుకొంటిని. తుపాకిని గూర్చిన వాదములలో ఈ ఇరువదియొక్కటి ఎవరికిని జ్ఞాపకము రాదు. సాయుధపౌరులు ఆపినవి ఎఫ్.బి.ఐ. వారి లెక్కలోనికి సరిగా రాలేదని వాదించు పండితులును లేకపోలేదు. వారి మాటయే నిజమై ఐదు పదియైనను, పదియేనైనను, నా యభిప్రాయము మారదు. ఎందుచేతనందురా?

2019 డిసెంబరు 29న టెక్సాసులోని వైట్ సెటిల్మెంట్ అను నూర క్రైస్తవాలయములో ఒకడు తుపాకి తీసి యిద్దఱిని కాల్చెను. ఆఱు సెకనులలో ఆలయపు స్వచ్ఛందరక్షకుడొకడు ఒక్క గుండుతో వానిని కూల్చెను. ఆయన తుపాకి విద్య నేర్పు గురువు. 2022 జూలై 17న ఇండియానా రాష్ట్రములో గ్రీన్‌వుడ్ అంగళ్లలో ఇరువదిరెండేండ్ల యువకుడొకడు పదునైదు సెకనులలో, ఎంతో దూరమునుండి, హంతకుని నేలగూల్చెను. అంతకంటె త్వరగా మనుష్యుడు చేయగలది లేదు. అయినను మొదటిచోట ఇద్దఱు, రెండవచోట ముగ్గురు పోయిరి. పౌరుని తుపాకి ఎంత వేగముగ పలికినను, హంతకుని తుపాకి పలికిన పిమ్మటనే కదా పలుకవలెను! అది చావులను తగ్గింపగలదు; అట్లు బ్రతికినవారికి అది చిన్న సంగతి కాదు. కాని నివారణ యనునది వేఱు.

ఇక ఎదురు నిలువనేలేని సందర్భములును గలవు. 2017 అక్టోబరు 1న లాస్‌వేగాసులో హోటలు ముప్పదిరెండవ అంతస్తు కిటికీనుండి కాల్చినవాడు అరువదిమంది మరణమునకు కారకుడయ్యెను. ఆ చీకటిలో, ఆ జనసమ్మర్దములో ఎవరు ఎవరిని గుఱిచూడగలరు? 2021 జూన్ 21న కొలరాడోలోని ఆర్వాడా పట్టణమున జరిగినది మఱింత విషాదము. పోలీసు నొకనిని చంపిన హంతకుని ఒక ధైర్యశాలియైన పౌరుడు తన తుపాకితో కూల్చి, వాని పెద్ద తుపాకిని తన చేతిలోనికి తీసికొనెను. అంతలో వచ్చిన మఱొక పోలీసు, తుపాకితో నున్న యీతడే హంతకుడని భ్రమించి, ఆ రక్షకునే కాల్చి చంపెను. మంచివాడెవడో చెడ్డవాడెవడో నొసట వ్రాసియుండదు.

చెడ్డవాని తుపాకి నాపునది మంచివాని తుపాకియే యని 2012 డిసెంబరులో అచటి తుపాకిదారుల జాతీయసంఘపు నాయకుడు ఘంటాపథముగ చెప్పెను. పదేండ్లు కాకమునుపే, 2022 మే 24న, టెక్సాసులోని యువాల్డీ పాఠశాలలో పందొమ్మిదిమంది పసిపిల్లలను, ఇద్దఱు ఉపాధ్యాయినులను ఒకడు చంపెను. ఆనాడు అచటికి 376 మంది సాయుధులైన రక్షకభటులు వచ్చిరి. 77 నిమిషములు గడచినవి వాని గదిలోనికి చొరబడుటకు. తుపాకి యున్నంతమాత్రమున చేయవలసిన పని చేయుదురను నమ్మకము నాకు ఆనాటితో పోయినది.

ఇక రెండవపక్షము. అనుమతి పొందిన వర్తకునియొద్ద తుపాకి కొనువాడు ఒక పత్రము నింపవలెను. ఘోరనేరమునకు శిక్ష పడినదా, న్యాయాధికారి నిన్ను మతిచలించినవానిగా నిర్ణయించెనా, ఇంటివారిని హింసించినట్లు ఋజువైనదా, మాదకద్రవ్యములు సేవింతువా - ఇట్టివి ప్రశ్నలు. వర్తకుడు వివరములు తెలుపగా, ప్రభుత్వపు పట్టికలు వెదకి తఱచుగ కొన్ని నిమిషములలోనే అవుననియో కాదనియో చెప్పుదురు. అధ్యక్షుడు రేగనుపై 1981లో జరిగిన హత్యాప్రయత్నమున గాయపడిన జేమ్స్ బ్రేడీ పేర ఈ శాసనము 1993లో వెలసెను. నేటి తక్షణ పరిశీలనాపద్ధతి 1998 నవంబరునుండి నడచుచున్నది. 1994 మొదలు 2015 చివరకు సుమారు 30 లక్షల దరఖాస్తులు తిరస్కరింపబడెను. అందెన్ని చావులు తప్పినవో ఎవరు చెప్పగలరు? జరుగనిదానిని లెక్కించు శాస్త్రము లేదు. నా మట్టుకు, పౌరుని తుపాకికంటె ఈ పత్రమునందే నాకు విశ్వాసము మెండు. తొలిగుండు ప్రేలకముందు పనిచేయగలది ఇదియే కదా.

అయితే ఈ పరిశీలన ఒక పుస్తకము చదువుట వంటిది. అందులో ఎవరో వ్రాసినదే చదువగలము. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున 32 మందిని చంపినవానిని అంతకు పదునాఱు నెలల ముందే న్యాయాధికారి, తనకు తాను హాని చేసికొనగలవాడని నిర్ణయించి వైద్యమునకు ఆజ్ఞాపించెను. ఆ మాట పట్టికకు ఎక్కలేదు. వాడు రెండు తుపాకులు నిరాటంకముగ కొనెను. ఆనాడు మరణించినవారిలో తమిళదేశమున పుట్టి పెరిగిన ఆచార్యుడొకడును గలడు. 2015 జూన్ 17న చార్లెస్టన్ నగరములో ప్రార్థనచేయుచున్న తొమ్మండుగురిని చంపినవాని పూర్వచరిత్రలో మాదకద్రవ్యముల సంగతి యున్నది. మూడు పనిదినములలో పరిశీలన ముగియనిచో వర్తకుడు అమ్మవచ్చునని శాసనము. కాగితము ఏ కచ్చేరిలో నున్నదో వెదకుటలో గడువు దాటెను. తుపాకి చేతికి వచ్చెను.

ఈ రెండు పక్షములును ఒక్కచోట ఎదురుపడిన ఘట్టము ఒకటి కలదు. 2017 నవంబరు 5న టెక్సాసులోని సదర్లండ్ స్ప్రింగ్స్ అను చిన్నయూర క్రైస్తవాలయములో, గర్భస్థశిశువుతో గూడ 26 ప్రాణములు పోయినవి. ఆలయమునకు సమీపమున నివసించు పౌరుడొకడు తుపాకిచప్పుడు విని, కాళ్లకు జోడైన లేకుండ తన తుపాకితో పరుగెత్తి వచ్చి హంతకుని గాయపరచి, వెంటాడెను. హంతకుడు పిమ్మట తన్ను తానే కాల్చుకొని చచ్చెను. ఆ పౌరుడు వీరుడనుటకు సందేహము లేదు. కాని ఆయన వచ్చునప్పటికి 26 ప్రాణములు పోయియే యున్నవి. మఱి ఆ హంతకుడు వాయుసేనలో నుండగా భార్యను, పసిబిడ్డను హింసించి 2012లో సైనికన్యాయస్థానమున శిక్ష పొందినవాడు. ఆ శిక్ష సంగతి ఎఫ్.బి.ఐ. వారికి పంపవలసియుండగా వాయుసేన పంపలేదు. 2021లో న్యాయమూర్తి ఆ నేరములో నూటికి అరువదివంతులు ప్రభుత్వమే బాధ్యురాలని తీర్పు చెప్పెను. గుమాస్తా పంపని ఒక్క కాగితము! పల్లెలో కరణము అడంగలులో ఒక గీత మఱచినందున పొలము పోగొట్టుకొన్న రైతును నే నెఱుగుదును. అది పొలము, ఇది ప్రాణము.

పుస్తకము చదువకుండ అమ్ము మార్గమును ఉన్నది. వర్తకుడు కాని సామాన్యుడు మఱొకనికి అమ్మినచో కేంద్రశాసనము ప్రకారము పరిశీలన అక్కఱలేదు. 2014లో పరిశీలనలో తిరస్కరింపబడిన ఒకడు, పిమ్మట ఒక సామాన్యునియొద్ద తుపాకి కొని, 2019 ఆగష్టు 31న టెక్సాసులోని మిడ్లండ్, ఒడెస్సా పట్టణములలో ఏడుగురిని చంపెను. ఈ సందు పూడ్చుటకు 2013 ఏప్రిల్లో సెనేటు సభలో వచ్చిన ప్రతిపాదనమునకు అనుకూలముగ 54, ప్రతికూలముగ 46 వోట్లు పడినవి. వారి నియమము ప్రకారము 60 వలసియుండుటచే అది వీగిపోయెను. ఎక్కువవారు కోరినది ఓడిపోవుట మనకు వింతగ తోచును గాని, ఆ సభ నడకయే అంత.

సందులన్నియు పూడ్చినను, పూర్వచరిత్ర లేనివాని నేమి చేయుదుము? 1966నుండి 2019 వఱకు జనసమూహములను కాల్చినవారిని గూర్చి అచటి ప్రభుత్వసహాయముతో జరిగిన పరిశోధనలో, నూటికి 77 మంది కనీసము కొన్ని తుపాకులనైనను శాసనబద్ధముగనే కొనిరని తేలెను. యువాల్డీ హంతకుడు పదునెనిమిదవ పుట్టినదినము కాగానే కొనెను. వాని పుస్తకములో ఒక్క గీతయు లేదు.

ఆస్టిన్ గోపురపు కథలో నేనొక మాట దాచియుంచితిని. ఆ యువకుడు కాల్పులకు నాలుగు నెలల ముందు, మార్చి నెలలో, విశ్వవిద్యాలయపు మనోవైద్యునియొద్దకు తానై పోయెను. తనలో పెచ్చు పెరుగుచున్న క్రోధమును గూర్చి చెప్పెను. వేటతుపాకితో గోపురమెక్కి జనులను కాల్చవలెనని తోచుచున్నదని కూడ చెప్పెను. వైద్యుడు వ్రాసికొనెను. మరల వారమునకు రమ్మనెను. వాడు రాలేదు. ఎవరును పోయి పిలువలేదు. ఆ వైద్యుని నేను నిందింపను. ఇట్టి మాటలు నోటజారి మఱచిపోవువారు వేలు. వినినవాడు పోయి చెప్పుటకు ఆనాడు ఒక తలుపు లేకుండెను.

నేడు ఇరువదికి పైగా రాష్ట్రములలో ఆ తలుపు ఉన్నది. మొదటిది కనెక్టికటులో 1999లో తెఱచిరి. కుటుంబమువారో, పోలీసులో సాక్ష్యముతో న్యాయస్థానమునకు పోయినచో, న్యాయాధికారి కొంతకాలము ఆ మనుష్యునియొద్ద తుపాకు లుండరాదని ఆజ్ఞాపింపగలడు. టెక్సాసులో అట్టి శాసనము లేదు. ఉన్నచోటనైన వాడువారుండవలెను. 2023 అక్టోబరు 25న మెయిన్ రాష్ట్రమున లూయిస్టన్ పట్టణములో 18 మందిని చంపినవానిని గూర్చి అతని కుటుంబమువారును, సైన్యములోని సహచరులును ముందే హెచ్చరించియుండిరి. అచట ఆనాడు ఇట్టిదే, కొంచెము బలహీనమైన శాసనము ఉండెను, దానిని వాడలేదు. నేరము చేయకముందే హక్కు తీసికొనుట అన్యాయమను వారి మాటను నేను త్రోసివేయను. పగబట్టిన జ్ఞాతి అబద్ధపు ఫిర్యాదు చేయవచ్చును. అందుకే ఇరుపక్షములు వినుట, గడువు నిర్ణయించుట, అబద్ధమైనచో శిక్షించుట ఉండవలెను. అంత జాగ్రత్తతోనైనచో, ఈ మూడింటిలో నేను మొగ్గునది దీనికే.

ఎందుకు మొగ్గుదునో చెప్పుటకు కొంత సంకోచము. మా చిన్నతనమున మా యింట అడవిపందులనుండి వేరుసెనగచేను కాచుకొనుటకు లైసెన్సుగల ఒంటిగొట్టపు తుపాకి యుండెను. ఎన్నికలు వచ్చినప్పుడు మా నాయనగారు దానిని ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకొనెడివారు. ఒకనాడు గట్టుతగాదాలో ప్రక్కపొలమువాడు అనరాని మాట యనగా, మా అన్నగారు ఇంటికి వచ్చి తిన్నగా తుపాకిపెట్టె దగ్గఱకు పోయెను. తాళపుచెవి మేకున లేదు. రెండు దినములనుండి ఆయన వాలకము చూచి మా అమ్మ దానిని బియ్యపుకుండలో దాచియుంచినది. ఆయన కేకలు వేసెను, పెట్టెను తన్నెను, చివరకు అరుగుమీద కూలబడెను. ప్రొద్దుగూకునప్పటికి ప్రక్కపొలమువాని తండ్రియే వచ్చి క్షమాపణ చెప్పుకొనెను. ఆ అన్నగారి కుమారుడే నన్ను టెలిఫోనులో అడిగినవాడు. అన్నగారు ఇప్పుడు లేరు. ఈ సంగతి అతడెఱుగడు. నేడు వినుచున్నచో ఇదే మొదటిసారి.

నేనతనికి వద్దని చెప్పితిని. శాసనము ఒప్పుకొన్నను వద్దు. 2021లో ఆ దేశమున తుపాకిచే మరణించినవారు 48,830 మంది. అందు 26,328 మంది తమ్ము తామే కాల్చుకొన్నవారు. 2012 డిసెంబరు 14న శాండీహుక్ పాఠశాలలో ఇరువదిమంది పిల్లలను, ఆఱుగురు పెద్దలను చంపినవాని చేతిలోనివి వాని తల్లి శాసనబద్ధముగ కొన్న తుపాకులు. ఆమెయే మొదట వానిచేత చచ్చినది. అంగడిలో ఎదురుకాగల హంతకుని కొఱకు ఇంటిలో తుపాకి దాచుటకంటె, ఇంటిలోని బాలుని కొఱకు దానిని తేకుండుట మేలని నాకు తోచినది. నా మాట తప్పైనచో ఆ పాపము నాదేనని కూడ చెప్పితిని.

అతడు చాలసేపు మాటలాడలేదు. "ఆలోచింతును, బాబాయీ" అని ఊరకుండెను. పోయిన నెలలో మరల మాటలాడినప్పుడు, తుపాకి కొనలేదనియు, అయితే పిల్లవాడు ప్రతి శనివారము ఆడుకొనపోవు ప్రక్కయింటివారిని, "మీ యింట తుపాకి కలదా? ఎచట నుంచుదురు?" అని బిడియపడుచునే అడిగితిననియు చెప్పెను. వారు కోపగింతురని భయపడెనట. ఆ యింటి ముసలాయన లోపలికి తీసికొనిపోయి, గోడకు బిగించిన ఇనుపబీరువాను చూపి, తాళపుచెవి తన మెడలోని గొలుసున నున్నదని తీసి చూపెనట.